యానాం దాకా రంగుల పెట్టె

రాజమండ్రి నుంచి యానాం వెళ్ళేవాళ్ళు మామూలుగా ఖాళీ సంచితో వెళ్ళి, గలగలమనే సంచితో తిరిగొస్తారు. నేను మాత్రం నిండు చేతులతో బయలుదేరాను. పాత దుప్పట్లో చుట్టిన కంప్యూటరు డబ్బా ఒళ్ళో, అద్దెకు తెచ్చిన ప్రొజెక్టరు భుజాన, వీడియో కెమెరా మెడలో, దాని స్టాండు చంకలో. ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర టీకొట్టాయన నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఏంటి శీనూ, ఇల్లు ఖాళీ చేసేస్తున్నావా?" అన్నాడు.

"లేదండీ, ఇంకా సీలింగు ఫ్యాను మిగిలింది," అన్నాను.

సెల్‌ఫోనుకి ఇన్‌కమింగ్ ఉచితమైపోయిందని జనం పనిలేకపోయినా ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటున్న కొత్త రోజులవి. తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారూ నేనూ ఒకరి మీద ఒకరం ఒకేసారి ఆశ వదులుకున్నాక, నేను ఒక స్టూడియోలో చేరి పెళ్ళి క్యాసెట్లకి మిక్సింగు నేర్చుకున్నాను. పెళ్ళికూతుర్ని తామరపువ్వులో కూర్చోబెట్టడం, పెళ్ళికొడుకుని మేఘాల్లోంచి దింపడం, మేనమామగారు కనిపించినప్పుడల్లా గులాబీరేకులు కురిపించడం నా ఉద్యోగం. ఎంతమంది మేనమామల మీద ఎన్ని రేకులు కురిపించానో ఆ దేవుడికే తెలియాలి. అలా కురిపించగా కురిపించగా, ఎవరి మొహమూ లేకుండా ఉత్త రంగులే పాటతో కలిసి ఆడితే ఎలా ఉంటుందా అన్న పురుగు బుర్రలో దూరింది. పాట వింటూ దానంతటదే రంగుల సుడులు తిప్పే సాఫ్ట్‌వేరు ఒకటి దొరికింది. దాంట్లో నేను గీసిన చేపలూ, కొబ్బరాకులూ, గోదారి బ్రిడ్జి కమానులూ కలిపాను. డ్రమ్ము మోగితే చేప తోక కొట్టేది. గొంతు పైకి లేస్తే కమాను సాగేది. చూసినవాళ్ళు "బాగుంది, కానీ ఇది దేనికి?" అనేవారు.

దేనికో రామచంద్రపురం విజయక్కకి తెలిసింది. అక్క మ్యూజిక్ పార్టీ నడుపుతుంది. అంటే తను పాడుతుంది, ప్రసాదు కీబోర్డు వాయిస్తాడు, డేవిడ్ డ్రమ్ములు కొడతాడు, అంతే పార్టీ. ఫోన్లో నవ్వకుండా మాట్లాడింది. "యానాంలో నూకరాజుగారని బోటు ఓనరు. కొత్త బోటు నీళ్ళలో దింపుతున్నారు, సాయంత్రం మన ప్రోగ్రాం. శ్రావణంలో వాళ్ళమ్మాయి పెళ్ళి. ఈ ప్రోగ్రాం నచ్చితే పెళ్ళికీ మనమే. నచ్చకపోతే వాళ్ళబ్బాయి కాకినాడ నుంచి డీజేని తెస్తాడంట. ఇప్పటికే పెళ్ళిళ్ళన్నీ అటే పోతున్నాయిరా శీనూ. ఇదీ పోతే మా ప్రసాదు బట్టలకొట్లో నిలబడాల్సిందే. నీ రంగులు పట్టుకురా."

అలా నా రంగులకి మొదటిసారి ఒక ఊరూ, ఒక వేళా దొరికాయి.

బస్సు ఎనిమిదింటికి కదిలింది. యానాం దాకా వెళ్ళే బస్సే అయినా నేను రామచంద్రపురంలో దిగి అక్కవాళ్ళ వ్యానెక్కాలి. ఈ దారిలో వెళ్ళదలచినవారికి నా మొదటి సలహా: కుడివైపు కిటికీ పట్టుకోండి, ఎండ తగలదు. రెండో సలహా: దుప్పట్లో చుట్టిన వస్తువు పట్టుకెళ్ళకండి. కండక్టరు నా ఒళ్ళోకి చూసి ఆగిపోయాడు.

"ఏంటది? మనిషా?"

"కంప్యూటరండి."

"దానికి దుప్పటెందుకు? జ్వరమా?"

నాకంటే ముందు ఇంకొకడు జోకు వెయ్యడం నాకు గిట్టదు. లగేజీ టిక్కెట్టు కొట్టించుకుని, "మ్యూజిక్ పార్టీలో పాట పాడుతుంటే వెనక తెర మీద రంగులు ఆడిస్తానండి," అని చెప్పాను.

ఆయన టిక్కెట్టు చింపుతూ నిజంగానే ఆలోచించాడు. "పాట వినడానికి రంగులెందుకండీ?"

సమాధానం చెబుదామని నోరు తెరిచాను. రాలేదు. పక్కసీటు పెద్దాయన "అదీ నిజమే, ఆయ్," అని ఆయనకి ఓటేసి నిద్రపోయాడు.

కడియం దగ్గర రోడ్డుకి రెండువైపులా నర్సరీలు. ఒకావిడ మొక్కల కుండీలతో ఎక్కి, ఒక గులాబీ కుండీని నా కంప్యూటరు మీద పెట్టి, "కాస్త పట్టుకో బాబూ," అంది. ద్వారపూడి దాటేదాకా నేను కంప్యూటర్నీ, కంప్యూటరు గులాబీనీ మోశాం. మిక్సింగు చేసేవాడికి గులాబీలు ఎక్కడికెళ్ళినా తప్పవు. మండపేట దాటాక కాలవ పక్కనే బస్సు చల్లగా సాగింది. అప్పుడే నీళ్ళు వదిలినట్టున్నారు, నారుమళ్ళు తడిసి మెరుస్తున్నాయి.

రామచంద్రపురంలో పదింటికి దిగి బస్టాండు ఎదుట పెసరట్టు ఉప్మా తిన్నాను. అల్లప్పచ్చడి కారానికి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అప్పుడే వచ్చిన విజయక్క, "ఏడవకు, ప్రోగ్రాం ఇంకా అవలేదు," అంది. వ్యాన్లో డ్రమ్ముల మధ్య డేవిడూ, స్పీకర్ల మధ్య నేనూ ఇరుక్కున్నాం. ద్రాక్షారామం దాటాక పొలాల స్థానంలో రొయ్యల చెరువులు మొదలయ్యాయి. నీళ్ళను చిలికే చక్రాలు ఒకే తాళంలో తిరుగుతున్నాయి. "మా ప్రసాదు కంటే తాళం సరిగ్గా ఉంది," అన్నాడు డేవిడ్. ప్రసాదు యానాం వచ్చేదాకా మాట్లాడలేదు.

యానాం పొలిమేరలో మొదట కనిపించేవి బ్రాందీషాపులు, పాండిచ్చేరి కింద ఉన్న ఊరు కాబట్టి మందు చవక. ఊరు దాటి గౌతమి గట్టు మీదకి వెళ్తే లోకం వేరేగా ఉంది. ఆకాశమంత వెడల్పు గోదారి, ఉప్పు కలిసిన గాలి, రేవులో కొత్త బోటు. నీలం రంగు ఇంకా ఆరలేదేమో అన్నంత నిగనిగ. గట్టు మీద షామియానా వేసి, రెండు సరుగుడు గెడల మధ్య తెల్లగుడ్డ కట్టారు. అదే నా తెర. నూకరాజుగారు తెల్లచొక్కాలో ఎదురొచ్చి, "చానా సంతోషమండీ, భోంచేసి మొదలెట్టండి," అన్నారు. ఆయన వెనకాలే వాళ్ళబ్బాయి చిన్నా, చలవ కళ్ళద్దాలు పెట్టుకుని, "బేస్ సౌండు ఎంత వస్తుందండీ మీ బాక్సులకి?" అని అడిగాడు. వాడికి డీజే అప్పటికే చెవిలో వాయిస్తున్నాడని అర్థమైంది.

షామియానా కింద బల్ల మీద కంప్యూటరు పెట్టి, సాఫ్ట్‌వేరు ఒకసారి నడిపి చూశాను. మధ్యాహ్నం వెలుతురులో తెర మీద చేప లీలగా తోకాడించింది. బాగానే ఉంది. మిషను ఆపి, పడుకోబెట్టాను. మా మిక్సింగు వాళ్ళకి ఒక అలవాటుంది. రాత్రీపగలూ నడిచే డబ్బాలు వేడెక్కుతాయని పక్క రేకు విప్పి పారేస్తాం. నా డబ్బాకి ఆ రేకు ఎక్కడుందో నాకే తెలీదు. పడుకోబెడితే అది మూతలేని గిన్నెలా ఉండేది.

అప్పుడే బోటుకి పూజ మొదలైంది. నూకరాజుగారి తల్లి సూరమ్మగారు బోటు ముక్కుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ ఒక్క దెబ్బకి రెండు చెక్కలు చేశారు. చేతిలో అంత బలం ఉన్న మామ్మని నేనెక్కడా చూడలేదు. నా నోరు ఊరుకోదుగా.

"మామ్మగారూ, మీ బోటుకేనా పూజ? మా పెట్టె కూడా ఈవేళే మొదటిసారి నీళ్ళలో దిగుతోంది. దాన్నెవరూ పట్టించుకోరేం?"

అందరూ నవ్వారు. మామ్మగారు నవ్వలేదు. తల ఊపారు. నేను భోజనానికి వెళ్ళాను.

ఆ భోజనం గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. చేపలపులుసు ముందురోజు వండి ఉంచినదట. ముక్క విరగదు, ముల్లు దాగదు, పులుపు నాలుక మీద కూర్చుని లేవదు. రొయ్యల వేపుడు మూడోసారి వడ్డిస్తుంటే వద్దనడానికి చెయ్యి అడ్డం పెట్టాను. చెయ్యి పక్కనుంచి వడ్డించారు.

తిరిగొచ్చేసరికి నా కంప్యూటరు పెళ్ళికూతురై ఉంది. అంచులకి పసుపు, నాలుగు మూలలా బొట్లు, బంతిపూల దండ. పక్కన కొబ్బరిచెక్కలు రెండు. మామ్మగారు చేతులు తుడుచుకుంటున్నారు.

"మామ్మగారూ... కొబ్బరికాయ ఎక్కడ కొట్టారండీ?"

"దీని అంచు మీదే బాబూ. మంచి ఇనుము, ఒక్క దెబ్బకే పగిలింది."

"మరి నీళ్ళు?"

"లోపలికెళ్ళాయి. దాహంతో ఉంది కాబోలు, చుక్క మిగల్చకుండా తాగేసింది."

దుప్పటితో తుడిచాను. విసనకర్రతో విసిరాను. ప్రసాదు "ఆన్ చెయ్యకు, ఆన్ చెయ్యకు" అంటూనే ఉన్నాడు. ఆన్ చేశాను. లోపల చిటుక్కుమంది. కొబ్బరిలౌజు మాడిన వాసన వచ్చింది. నా చేపలూ, కొబ్బరాకులూ, బ్రిడ్జి కమానులూ అన్నీ ఆ వాసనలో కలిసిపోయాయి.

నా మొహం చూసి మామ్మగారికి విషయం అర్థమైంది. "అయ్యో, చెడిపోయిందా? నువ్వే కదా బాబూ పూజ అడిగావు?" అన్నారు.

విజయక్క తిట్టలేదు. తిడితే బాగుండును. తెల్లగుడ్డ వైపు చూస్తూ కూర్చుంది. "పాట నేను ఎలాగూ పాడతాను శీనూ. కానీ వీళ్ళు ఈవేళ పాట వినడానికి పిలవలేదు, చూడ్డానికి పిలిచారు." అవతల చిన్నా సెల్‌ఫోన్లో ఎవరితోనో "ఆ, ఖాళీగా ఉంచండి, రేపు చెప్తాను," అంటున్నాడు. శ్రావణమాసం ఖాళీగా ఉంచమంటున్నాడని వేరే చెప్పాలా?

నాకు మిగిలింది ప్రొజెక్టరూ, కెమెరా. కెమెరా తెచ్చింది ప్రోగ్రాం వీడియో తీసుకుందామని. ఏదో ఒకటి చేద్దామని బొమ్మ పంపే పచ్చపిన్ను తీగ తీసి ప్రొజెక్టరుకి గుచ్చాను. కెమెరా అప్పుడు తెర వైపు తిరిగి ఉంది. కెమెరా తెరను చూసింది, తెర మీద తెర పడింది, దానిలో ఇంకో తెర, దానిలో ఇంకోటి. వెలుగు గోదారంత లోతుకి సొరంగం తవ్వుకుంటూ పోయింది. కెమెరాని కాస్త వంచితే సొరంగం సుడి తిరిగింది. డేవిడ్ ఊరికే ఒక దరువు వేశాడు. నేను కెమెరాని కదిపాను. సుడి అదిరింది.

చిన్నా కళ్ళద్దాలు తీశాడు. "ఇది ఏ సాఫ్ట్‌వేరండీ?"

"దీనికింకా పేరు పెట్టలేదండి," అన్నాను. ఒక పాటకి సరిపోతుంది. మిగతా పాటలకో?

దీపాలు పెట్టే వేళైంది. మామ్మగారు బోటుకి దిష్టి తియ్యడానికి తెల్లటి పింగాణీ పళ్ళెంలో పసుపు కలిపిన నీళ్ళు తెచ్చారు. బొడ్లోంచి సున్నం డబ్బీ తీశారు, ఆకువక్క వేసుకునే మనిషి. సున్నాన్ని వేలితో కాస్త తీసి ఆ నీళ్ళలో కలపబోయారు. పచ్చటి నీళ్ళలో వేలి దగ్గర ఎర్రమబ్బు పుట్టింది. నేను చిన్నప్పట్నుంచీ వందలసార్లు చూసిన దిష్టినీళ్ళే. కానీ అంతకు ముందు నా మెడలో కెమెరా లేదు.

"మామ్మగారూ, ఆగండాగండి! కలపకండి!"

"మళ్ళీ ఏం చెడిపోయింది?"

"ఏం చెడలేదండి. ఇంకో పళ్ళెం కావాలి. మీరూ కావాలి."

స్టాండు మీద కెమెరాని కిందికి వంచి, పక్కన బల్బు పెట్టి, పళ్ళెం కింద పెట్టాం. మామ్మగారికి పీట వేశాం. చిన్న గిన్నెలో సున్నాన్ని నీళ్ళతో పలచన చేసి, "పాటలో మీకు ఎక్కడ వెయ్యాలనిపిస్తే అక్కడ ఒక్క చుక్క," అన్నాను. ఆవిడ అనుమానంగా చూశారు. "దీంతో నన్నూ నీ డబ్బాలా పేల్చవు కదా?"

ఏడున్నరకి ప్రోగ్రాం మొదలైంది. గట్టంతా జనం. మొదటి హుషారు పాటకి కెమెరాని తెర వైపు పెట్టి సొరంగాలు తిప్పాను. పిల్లలు తెర ముందుకొచ్చి గెంతారు. వాళ్ళ నీడలు కూడా సొరంగంలో పడి వంద నీడలయ్యాయి. ఈలలు పడ్డాయి. నూకరాజుగారు మాత్రం చేతులు కట్టుకునే ఉన్నారు.

రెండోది నెమ్మదైన పడవ పాట. కెమెరాని మళ్ళీ పళ్ళెం మీదకి వంచాను. తెరంతా పచ్చటి నీళ్ళు పరుచుకున్నాయి. పళ్ళెం అంచుకి తగిలిన గాలికి నీళ్ళు వణికితే తెర మీద గోదారి వణికింది. విజయక్క పల్లవి ఎత్తుకుంది. మామ్మగారు కళ్ళు మూసుకుని విన్నారు. చరణం చివర అక్క గొంతు పైకి లేచిన చోట, ఆవిడ వేలి చివరినుంచి ఒక్క చుక్క జారింది.

తెర మీద పచ్చటి నది మధ్యలో ఎరుపు విచ్చుకుంది. మెల్లగా పాయలు పాయలుగా పాకింది.

గట్టు మీద ఎవరో అరిచారు, "ఒరేయ్, ఎర్రనీరు వచ్చిందిరా!"

ఈ ప్రాంతం కానివారికి చెప్పాలి. తొలకరి తర్వాత ఎగువనుంచి మట్టి కలిసిన కొత్తనీరు దిగి గోదారి ఎర్రబడుతుంది. ఆ ఎరుపు కోసం వేటగాళ్ళు రోజూ పొద్దున్నే గట్టెక్కి చూస్తారు. ఆ ఎరుపుతోనే సముద్రంలోంచి పులస చేప ఎదురీదుకుంటూ వస్తుంది. ఆ ఏడు ఎర్రనీరు ఇంకా రాలేదు. అందరి కళ్ళూ నది మీదే ఉన్నాయి, నాకా సంగతి తెలీదు. నేను దిష్టినీళ్ళు చూపిస్తున్నాననుకున్నాను. వాళ్ళు వరద చూశారు.

గట్టంతా లేచి నిలబడింది. డేవిడ్ దరువు తగ్గించి తెర వైపు తిరిగాడు. విజయక్క కూడా తిరిగింది. ఎరుపు పళ్ళెం అంచుకి చేరేదాకా ఆ చివరి స్వరాన్ని వదల్లేదు. ఊపిరి ఎక్కడ దాచుకుందో తెలీదు. పాటను చూసి రంగు ఆడాలని నేను ఏడాదిగా కంప్యూటరుతో కుస్తీ పట్టాను. ఇక్కడ రంగు కోసం పాట ఆగింది. ఎరుపు అంచు తాకింది, డేవిడ్ కర్ర పడింది, పాట కదిలింది.

పాట అయ్యాక పళ్ళెం మొత్తం ఎర్రబారి అలాగే ఉండిపోయింది. కొత్తనీళ్ళు తెచ్చే టైము లేదు. అవతల ప్రసాదు తర్వాతి పాట మొదలెట్టేశాడు. పూజలో మిగిలిన నిమ్మకాయ కనిపిస్తే, గింజలు పడితే పడవల్లా తేలతాయేమోనని కోసి పిండాను. గింజలు తేల్లేదు, మునిగాయి. కానీ రసం పడినచోటల్లా ఎరుపు విరిగి మళ్ళీ పచ్చ దారులు తెరుచుకున్నాయి. నేనూ మామ్మగారూ మొహమొహాలు చూసుకున్నాం.

"ఇలా ఇవ్వు," అని ఆవిడ నిమ్మకాయ లాక్కున్నారు. ఇక నా పని కెమెరా పట్టుకోవడమే. ఎడమచేత్తో సున్నం, కుడిచేత్తో నిమ్మకాయ. డేవిడ్ ఆవిడ చేతులు చూసి వాయిస్తున్నాడు. ఒకసారి ఆవిడ కావాలనే చుక్క ఆపి, వాణ్ణి కర్ర గాల్లో ఎత్తి ఉండేలా చేసి, బోసినవ్వు నవ్వారు. నాలాంటి వాళ్ళు ఆ ఇంట్లోనూ ఉన్నారన్నమాట.

ప్రోగ్రాం అయ్యాక నూకరాజుగారు వచ్చి, కట్టుకున్న చేతులు విప్పి, విజయక్కకి నమస్కారం పెట్టారు. "శ్రావణంలో కూడా మీరేనమ్మా."

"నాన్నా, డీజే..." అన్నాడు చిన్నా.

మామ్మగారు పసుపు చేతులతోనే మనవడి చెవి పట్టుకున్నారు. "నీ చెల్లెలి పెళ్ళికి నేను వాయించొద్దా?"

విజయక్క నవ్వబోయి, పైటతో కళ్ళు ఒత్తుకుంది. "ఏడవకక్కా," అన్నాను, "పెసరట్టు ఇంకా తినలేదు." వీపు మీద ఒకటి తగిలింది. హాయిగా ఉంది.

బస నూకరాజుగారి డాబా మీద. ఇలాంటి ఊళ్ళో లాడ్జీ వెతుక్కోవద్దు, గాలి అమ్మేవాళ్ళెవరూ అంత గాలి ఇవ్వలేరు. పొద్దున్నే మామ్మగారు పసుపు పొట్లం, సున్నం డబ్బీ ఒక గుడ్డలో మూటకట్టి ఇచ్చారు. "శ్రావణానికి ఆ డబ్బా తేకపోయినా పర్లేదు బాబూ. పళ్ళెం మాత్రం పెద్దది తెచ్చుకో."

ఏడింటి బస్సు. రాత్రి యానాంలో హాల్టు చేసి వెళ్తున్న నిన్నటి బస్సే, నిన్నటి కండక్టరే. పొలిమేర దాటగానే చెక్‌పోస్టు దగ్గర ఆపారు. ఒక కానిస్టేబులు నా దుప్పటి విప్పించి, కంప్యూటరులోకి తల దూర్చి వాసన చూశాడు.

"సీసా ఎక్కడ దాచావు?"

"ఇది తాగింది కొబ్బరినీళ్ళేనండి."

పసుపూ, సున్నమూ, బొట్లూ చూసి ఆయన వెనక్కి తగ్గాడు. చేతబడి అనుకున్నాడేమో, దుప్పటి తనే కప్పాడు.

కండక్టరు నా దగ్గరికొచ్చి లగేజీ టిక్కెట్టు కొట్టాడు. "జ్వరం తగ్గిందా? ఇంతకీ తేలిందా, పాట వినడానికి రంగులెందుకో?"

రాత్రంతా డాబా మీద పడుకుని ఆ ప్రశ్నకి ఒక మంచి జోకు తయారుచేసి పెట్టుకున్నాను. చెబుదామని నోరు తెరిచేలోపు, చేపల గంప కాళ్ళ దగ్గర పెట్టుకుని ఎదుటి సీట్లో కూర్చున్న ఒకావిడ అందుకుంది.

"నిన్న సాయంత్రం రేవులో లేవా నువ్వు?"

"లేనమ్మా, డ్యూటీ."

"అయితే నీకేం తెలుస్తుంది. ఆవిడ పాడతా ఉంటే గోదారి ఎర్రబడింది. మా ఆయన కూర్చున్నోడు కూర్చున్నట్టే లేచి వల కోసం తడుముకున్నాడు."

కండక్టరు టిక్కెట్టు నా చేతిలో పెట్టి ముందుకెళ్ళాడు. రాజమండ్రి దాకా ఆ జోకు నోట్లోనే ఉండిపోయింది. కంప్యూటరుని మాత్రం కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టాను, కాస్త గాలి తగులుతుందని.